స్ట్రాత్‌స్పే సంగీతం: చాలా ఏళ్లు ఆడిన తరువాత నా అభిప్రాయం

స్కాటిష్ కంట్రీ డాన్స్‌లో నన్ను ఇన్నేళ్లుగా కట్టిపడేసినది ఒక్కటే, అది స్ట్రాత్‌స్పే. జిగ్, రీల్ అనే వేగం నృత్యాలు ఉత్సాహంగా ఉంటాయి, వాటి సంగీతానికి వంక పెట్టేందుకు ఏమీ లేదు. అయినా ఎడిన్‌బరో చలికాలంలో, సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడిపోయాక, ఉద్యోగం నుంచి ఇంటికి వచ్చిన మనిషి మళ్లీ కోటు తొడుక్కుని హాలుకు బయల్దేరాలంటే బలమైన కారణం ఉండాలి. నాకు ఆ కారణం ఈ నెమ్మది నృత్యమూ, దాన్ని నడిపించే విలక్షణమైన లయా. సెట్‌లో, అంటే కలిసి ఆడే జంటల బృందంలో, ఎవరు ఎక్కడ నిలబడాలి, చేతులు ఎలా అందుకోవాలి, ఎలాంటి మెత్తని చెప్పులు కొనుక్కోవాలి వంటివి ఏ క్లాసులోనైనా మొదటి రోజే చెబుతారు కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు.

జిగ్‌ను, రీల్‌ను మన చెవి వెంటనే పోల్చుకుంటుంది. 6/8 లో నడిచే జిగ్ తకిట తకిట అంటూ తిస్రంలో సాగుతుంది. రీల్ తకధిమి తకధిమి అంటూ చతురస్రంలో పరుగు తీస్తుంది. స్ట్రాత్‌స్పేకి కూడా బారుకు (మన ఆవర్తం లాంటి సంగీతపు కొలతకు) నాలుగు దెబ్బలే ఉంటాయి, కానీ ఒక్కో దెబ్బను స్వరాలు సమానంగా పంచుకోవు. దెబ్బను నాలుగు మాత్రలుగా ఊహించుకుంటే, ఒక చోట మొదటి స్వరం ఒకే మాత్రకు తెగిపోయి రెండోది మూడు మాత్రల పాటు నిలుస్తుంది. మరో చోట ఇదే తిరగబడి మూడు ముందు, ఒకటి వెనుక వస్తుంది. కురచ స్వరం ముందు పడి దీర్ఘ స్వరం మీద వాలే ఆ విరుపును స్కాచ్ స్నాప్ అంటారు. చిన్నప్పుడు కొన్నాళ్లు వయొలిన్ నేర్చుకున్నాను కాబట్టి, దీన్ని వాయించే చేతిలో చూడటం నాకు మరింత ముచ్చటగా ఉంటుంది. కమాను పైకి తోసేటప్పుడు రెండు మూడు స్వరాలను ఒకే విసురులో పలికిస్తారు, ఆ తోపులోనే విరుపుకు పదును వస్తుంది. స్పే నది లోయ పేరు పెట్టుకున్న ఈ బాణీలను నీల్ గో (1727–1807), విలియం మార్షల్ (1748–1833) వంటి ఫిడేలు విద్వాంసులు నిలబెట్టారు. వారి తరువాతి కాలపు జేమ్స్ స్కాట్ స్కిన్నర్ (1843–1927) స్ట్రాత్‌స్పే రాజుగానే పేరుపొందాడు.

ఈ విరుపుకు కాలు ఇచ్చే జవాబులో అసలు అందం ఉంది. ముందుకు సాగే అడుగులో బారుకు నాలుగు కదలికలుంటాయి: అడుగు, కలుపు, అడుగు, లాగు. ఆ నాలుగోదానిలో బరువు మోస్తున్న కాలి మోకాలు కొద్దిగా వంగుతుంది, వెనుకనున్న పాదం నేలకు ఆనీ ఆననట్టు ముందుకు జారుతుంది, తరువాతి బారు మొదటి దెబ్బ మీద మునివేళ్లతో దిగుతుంది. జిగ్‌లోనూ రీల్‌లోనూ అడుగుకు చిన్న ఎగురు ఉంటుంది, ఒకవేళ వెనుకబడినా ఆ ఎగురులో సర్దుకోవచ్చు. స్ట్రాత్‌స్పేలో అలా సర్దుకునే చోటు లేదు, పాదం ఎక్కడుందో ఎదుటివారికి స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది. 32 బార్ల రీల్ ఒకసారి పూర్తి కావడానికి సుమారు 35 సెకన్లు పడితే, అన్నే బార్ల స్ట్రాత్‌స్పేకు నిమిషం దాకా పడుతుంది. ఎనిమిది సార్లు తిరిగి ఆడే నృత్యమైతే ఎనిమిది నిమిషాల లెక్క. నెమ్మది నృత్యమని పైన అన్నాను గానీ, ఆ ఎనిమిది నిమిషాల్లో పిక్కలు పడే శ్రమ రీల్ తరువాతి ఆయాసానికి ఏమాత్రం తీసిపోదు. ఆ సంగతి మరునాడు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది.

నా ఇష్టం ఇంత గట్టిపడటానికి కారణమైన రాత్రి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది ప్రత్యక్ష సంగీతంతో జరిగిన ఒక బాల్, అంటే పెద్ద నృత్య వేడుక. ఫిడేలు, అకార్డియన్, పియానో, డ్రమ్స్ ఉన్న మామూలు బ్యాండే. కార్యక్రమంలో మిస్ గిబ్సన్స్ స్ట్రాత్‌స్పే వచ్చింది, మేము సెట్‌లో మూడో జంటగా నిలబడ్డాం. ఇలాంటి నృత్యంలో ఒక్కో జంట ముఖ్యజంటగా రెండుసార్లు ఆడుతుంది కాబట్టి మా వంతు ఐదోసారి, ఆరోసారి వస్తుంది. మొదటిసారి ఆ నృత్యానికి చెందిన సొంత బాణీ వాయిస్తారు, తరువాత దానికి తగిన వేరే బాణీలు ఒక్కొక్కటిగా కలుపుతారు, చివరికి మళ్లీ సొంత బాణీకి చేరుకుంటారు. స్ట్రాత్‌స్పే బాణీల్లో రెండు తరహాలున్నాయి. స్నాప్ పదునుగా వినిపించేవి ఒక తరహా. పాటలా సాగదీసి, విరుపును దాదాపు కరిగించి వాయించేవి రెండో తరహా. సాధారణంగా ఒక నృత్యానికి ఒకే తరహా బాణీలు కూర్చుకుంటారు. ఆ రాత్రి నాలుగుసార్ల దాకా అన్నీ పదునైన బాణీలే వచ్చాయి. ఐదోసారి మొదలవుతుండగా అకార్డియన్ ఆగిపోయింది, డ్రమ్స్ వాయించే ఆయన కర్రలు పైకెత్తి ఊరుకున్నాడు, పియానో ఎడమచేతి స్వరాల మీద ఫిడేలు ఒక్కటే పాట అందుకుంది.

వేగం మారలేదు. ఫిగర్లు, అంటే నృత్యంలోని కదలికల అమరికలు, అవే, భాగస్వామి ఆమే, చుట్టూ ఉన్నవారూ వారే. కానీ మా అడుగు మారిపోయింది. నాలుగో కదలికలో పాదం లాగేందుకు అంతవరకు దొరకని సమయం దొరికినట్టయింది. చెయ్యి అందించి తిరిగేటప్పుడు ఆ తిరగడం నాలుగు బార్లనూ చివరి దాకా నింపింది, ఎవరూ ముందే చేరుకుని నిలబడి ఎదురుచూడలేదు. మా ముందు జంట భుజాలు దిగడం నాకు కళ్లారా కనిపించింది. ఆరోసారి డ్రమ్స్, అకార్డియన్ తిరిగి అందుకున్నాయి, స్నాప్ మళ్లీ పదునెక్కింది, అదే 32 బార్ల నృత్యాన్ని అదే మనుషులం నిటారుగా, బిగువుగా, మడమలు ఇంకాస్త పైకెత్తి ఆడాం. ఒకదాని వెంట ఒకటి, ఒకే కొరియోగ్రఫీ, రెండు వేర్వేరు నృత్యాలు. ఎవరూ సైగ చేయలేదు, టీచర్ మాట చెప్పలేదు. ఫిడేలు చెప్పింది, కాళ్లు విన్నాయి. అంతకుముందు ఎన్నో క్లాసుల్లో సంగీతం వినండి, సంగీతం వినండి అని టీచర్ ఎందుకు పదే పదే అంటారో ఆ రెండు నిమిషాల్లో నా ఒంటికి అర్థమైంది.

ఇది యాదృచ్ఛికంగా అబ్బిన గుణం కాదు. 1923లో గ్లాస్గోలో జీన్ మిలిగన్, ఇసోబెల్ స్టూవర్ట్ చొరవతో ఏర్పడి, 1951లో రాయల్ అనే గౌరవం పొందిన స్కాటిష్ కంట్రీ డాన్స్ సొసైటీ తన పుస్తకాల్లో నృత్యంతో పాటు దాని బాణీని కూడా అచ్చు వేస్తూ వచ్చింది. అందుకే ఇక్కడ నృత్యం పేరు వినగానే పాతవారి నోట బాణీ కూనిరాగంగా వచ్చేస్తుంది. ఈ జత ఎంత బిగువైనదో, అది తెగిన ఒక సాయంత్రమే నాకు బాగా చూపించింది. ఆ సాయంత్రం మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది.

అది రికార్డింగ్‌లతో నడిపిన ఒక సాంఘిక కార్యక్రమం. మైరీస్ వెడ్డింగ్ ఆడుతున్నాం. అది స్ట్రాత్‌స్పే కాదు, రీల్. స్కాట్లండ్‌లో అందరికీ ఇష్టమైన నృత్యాల్లో ఒకటి. దానికి ఒక ప్రత్యేకత ఉంది. చాలా నృత్యాలకు 32 బార్లు సరిపోతే, దీనికి 40 కావాలి. చివరి ఎనిమిది బార్లలో ఆరుగురు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగి వెనక్కి వస్తారు. ఆ రోజు పాటలు పెట్టేవారు 32 బార్ల బాణీలు ఎనిమిదింటి రికార్డింగ్ పెట్టారు. మొదటిసారి ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే బాణీలోని భాగాలు ఎనిమిదేసి బార్లవే కాబట్టి కాలికి తాళం తప్పదు. కానీ మా వలయం తిరిగే సమయానికి కొత్త బాణీ మొదలైపోయింది, దాంతో రెండోసారి నృత్యం ఆ బాణీ నడిమధ్యలో ఎత్తుకోవాల్సి వచ్చింది. మూడోసారి ఇంకో ఎనిమిది బార్లు జారింది, నాలుగోసారి మరో ఎనిమిది. ఐదోసారి లెక్క తిరిగి కలిసింది, అంతా సర్దుకుందని అందరి ముఖాలూ తేటపడ్డాయి. అయితే ఎనిమిది 32లు 256 బార్లు. ఆరు 40లే 240. మిగిలినవి 16 బార్లు. నాలుగో జంట తమ మొదటి వంతు మొదలుపెట్టి, ఐమూలగా వేసే సగం రీల్‌లలో (ఇక్కడ రీల్ అంటే ఒకరినొకరు దాటుతూ అల్లుకునే ఫిగర్) రెండోది ముగించేసరికి ఆఖరి శ్రుతి మోగింది. అది వంగి నమస్కరించాల్సిన శ్రుతి. నమస్కరించేవారు ఎవరికెదురుగా ఉండాలో అక్కడ ఎవరూ లేరు.

ఆ నాలుగో జంటలో ఒక అమ్మాయి అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. ఆరుసార్లు పక్కన ఆడుతూ, ఫిగర్లు గమనించుకుంటూ, తన వంతు కోసం ఎదురుచూసింది. మళ్లీ మొదటి నుంచి పెట్టమని అడిగితే సమయం లేదని తరువాతి నృత్యానికి వెళ్లిపోయారు. రికార్డింగ్ తప్పు పెట్టడం ఎవరికైనా జరగవచ్చు. ఎనిమిది నిమిషాల లోపే తేలిపోయే ఒక రీల్‌ను ఆ అమ్మాయి కోసం మళ్లీ పెట్టకపోవడం నాకు మింగుడు పడలేదు. వేదిక మీద బ్యాండ్ ఉండి ఉంటే రెండోసారికే గమనించి, మరో ఎనిమిది బార్లు కలుపుకుని దారికి వచ్చేవారు. మనుషులు వాయించే సంగీతానికి ఆడేవారు కనబడతారు. నేను ప్రత్యక్ష సంగీతం పక్షం వహించడానికి ఇది కూడా ఒక కారణం.

అయితే న్యాయంగా చెప్పాలంటే వారం వారం జరిగే మామూలు క్లాసులు ఎక్కువగా రికార్డింగ్‌ల మీదే నడుస్తాయి, నేను నేర్చుకున్నదంతా వాటితోనే. మంచి బ్యాండ్ల రికార్డింగ్‌లు చాలా ఉన్నాయి, నేర్పేటప్పుడు వేగం తగ్గించుకునే సౌకర్యమూ ఉంది. ఆ తగ్గింపు రీల్‌కు, జిగ్‌కు పెద్దగా హాని చేయదు గానీ స్ట్రాత్‌స్పే దాన్ని భరించలేదు. స్నాప్ లోని కురచ స్వరం కూడా సాగిపోయి, విరుపు విరుపులా వినపడదు. ఇక ప్రత్యక్ష సంగీతమంతా ఒకే మేలురకం కాదు. స్ట్రాత్‌స్పేను తొందరగా ముగించి రీల్‌కు వెళ్లాలన్నట్టు వాయించే బ్యాండ్లను కూడా విన్నాను. అలాంటి రాత్రి మంచి రికార్డింగే మేలనిపించింది. మన కోలాటంలో పాట సాగేకొద్దీ వేగం పెరిగి ఆఖరుకు ఉధృతమవుతుంది, ఆ పెరుగుదలే అక్కడ ఆనందం. ఇక్కడ మొదటి బారు వేగమే చివరి బారు దాకా నిలవాలి. ఆ నిలకడ మన చెవికి మొదట్లో చప్పగా అనిపించడం సహజం. స్ట్రాత్‌స్పే రుచి తెలియడానికి నాకే చాలా కాలం పట్టింది.

కాబట్టి నా సిఫారసు కొన్ని షరతులతోనే. నేను ఉండేది ఎడిన్‌బరోలో, బ్యాండ్లతో జరిగే కార్యక్రమాలు అందుబాటులో ఉంటాయి. ఇంట్లో చిన్నపిల్లలు లేరు, సాయంత్రాలు నావి. సంగీతం వైపు చెవి ముందే కొంత తెరుచుకుని ఉంది. ఈ మూడింటిలో ఏది లేకపోయినా నా అంత ఇష్టం కలుగుతుందని చెప్పలేను. చదువుకోవడానికి వచ్చి యూనివర్సిటీ కేలీలో, అంటే సరదా నృత్య సాయంత్రంలో, గే గోర్డన్స్, స్ట్రిప్ ద విల్లో, డాషింగ్ వైట్ సార్జెంట్ ఆడి సరదాపడిన మన పిల్లలు క్లాసుకు వస్తే మొదట కొంత నిరుత్సాహపడవచ్చు, ఎందుకంటే కేలీలో అడుగు గురించి ఎవరూ పట్టించుకోరు, ఇక్కడ పట్టించుకుంటారు. అలాంటివారు ముందు ఫిఫ్టీ ఫస్ట్ డివిజన్ రీల్ వంటి వాటితో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చేతిలో ఖైదీలైన 51వ హైలాండ్ డివిజన్ అనే స్కాటిష్ దళపు సైనికులు శిబిరంలోనే రూపొందించిన నృత్యమది. నలుగురు ఐమూలగా గొలుసు కట్టి నిలిచే చోట స్కాట్లండ్ జెండా మీద ఉండే సెయింట్ ఆండ్రూ శిలువ ఆకారం కనబడుతుంది, ఆ చోటు ఎవరినైనా ఆకట్టుకుంటుంది. జంట లేకుండా ఒంటరిగా వచ్చినా ఇబ్బంది లేదు, ఒక్కో నృత్యానికి భాగస్వామి మారడం ఇక్కడి ఆచారం. మోకాళ్ల నొప్పి ఉన్నవారు మాత్రం స్ట్రాత్‌స్పే నెమ్మది కదా అని ధైర్యపడకుండా డాక్టర్‌ను అడిగి రావడం మంచిది.

నా మట్టుకు నేను ఇప్పుడు టికెట్టు కొనే ముందు రెండే చూస్తున్నాను: ఎవరు వాయిస్తున్నారు, కార్యక్రమంలో స్ట్రాత్‌స్పేలు ఎన్ని ఉన్నాయి. సాధారణంగా జిగ్, స్ట్రాత్‌స్పే, రీల్ ఒకదాని తరువాత ఒకటిగా వరుస కడతారు కాబట్టి మూడింట ఒక వంతైనా దొరుకుతాయి. అంతకన్నా తగ్గితే, నాకు తెలిసిన ఫిడేలు ఉంటేనే వెళ్తాను. రికార్డింగ్‌ల సాయంత్రమైతే మా వారం క్లాసుకే పరిమితమవుతాను. అక్కడ రికార్డింగ్ తప్పు పడితే టీచర్ ఆపి మళ్లీ పెడతారు.