13,400 కిలోమీటర్లు, ఒక సన్న పిన్ను

ఈ సైకిల్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే గేర్ల గురించీ, బ్రేకుల గురించీ మొదలుపెట్టను. గాలి కొట్టే పిన్ను గురించి మొదలుపెడతాను. మూడున్నరేళ్లలో నన్ను రోడ్డు మీద నిలబెట్టింది అదొక్కటే. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ తలనొప్పి ఒక్క కంపెనీది కాదు. కాస్త ధర పెట్టి సన్న టైర్ల సైకిల్ ఏది కొన్నా చాలావాటికి ఇదే పిన్ను వస్తుంది.

మన పాత సైకిళ్లకు లోపల వాల్ ట్యూబ్ తొడిగే పిన్ను ఉంటుంది. బైకులకు, కార్లకు స్ప్రింగ్ పిన్ను ఉంటుంది, దాన్ని ష్రాడర్ అంటారు. నాది మూడో రకం. పేరు ప్రెస్టా, ఫ్రెంచి వాల్వ్ అని కూడా అంటారు. చూడ్డానికి పెన్ను రీఫిల్‌లా ఉంటుంది. కొసన చిటికెడంత నట్టు. ముందు దాన్ని వదులు చేయాలి, వేలితో ఒకసారి నొక్కి 'టిస్'మనిపించాలి, అప్పుడే గాలి ఎక్కుతుంది. లోపల స్ప్రింగ్ ఉండదు, గాలి ఒత్తిడే దాన్ని మూసి పెడుతుంది. దీనికి రిమ్ములో ఆరున్నర మిల్లీమీటర్ల రంధ్రం చాలు. బైకు పిన్నుకైతే ఎనిమిదిన్నర కావాలి. సన్న రిమ్ముకు చిన్న రంధ్రమే మంచిది కదా, అందుకని పెట్టారు. కాదనను. కానీ హన్మకొండ నుంచి ములుగు దాకా ఉన్న పంచర్ కొట్లలో ఒక్కదాంట్లోనైనా దీనికి పట్టే నాజిల్ ఉంటే చూపించండి.

కొన్న కొత్తలో నేను ఆఫీసులో అందరికీ ఒకటే చెప్పేవాణ్ని. ఊళ్లో రోడ్ల కంటే హైవేనే నయం, తెల్లగీత అవతల మీటరు జాగా ఉంటుంది, సన్న టైర్లు గాల్లో తేలినట్టు పోతాయి అని. అబద్ధం కాదు. ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరి మడికొండ దాటి జనగామ వైపు తొక్కుతుంటే నిజంగానే అలా ఉంటుంది. టోల్‌గేట్ దగ్గర కార్లు వరస కట్టి నిలబడితే మనం పక్క నుంచి పైసా కట్టకుండా పోతాం, ఆ సుఖం వేరు. కాకపోతే ఆ మీటరు జాగా ఏడాది పొడుగునా మనది కాదని తర్వాత తెలిసింది. వరికోతలప్పుడు అందులో వడ్లు ఆరబోస్తారు. పత్తి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే బండ్లు లోడు రెండు పక్కలా ఉబ్బి మన మోచేతిని రాసుకుంటూ పోతాయి. రెండేళ్లకోసారి మేడారం జాతరకు ములుగు రోడ్డు మొత్తం జనానిదే, ఆ నెల అటు వెళ్లనే వెళ్లను. రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్లకు సీజన్ లేదు.

ఇంకొకటుంది, దూరానికి కనపడదు. లారీ టైరు పగిలితే అందులోని ఉక్కు తీగలు ముక్కలు ముక్కలై రోడ్డు పక్కకు చేరతాయి. బండ్ల చక్రాలకు అవి ఓ లెక్క కాదు. నా టైరు వెడల్పు 32 మిల్లీమీటర్లు. నా పంచర్లలో సగానికి పైగా వీటివల్లే అయ్యాయి.

రెండో ఏడాది కార్తీకంలో ఒక ఆదివారం రామప్పకు బయల్దేరాను. 2021లో యునెస్కో వాళ్లు గుర్తించిన గుడి మనకు అరవై అయిదు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉండి, సైకిల్ మీద ఒక్కసారి కూడా పోలేదంటే బాగుండదని. గూడెప్పాడ్ దాటేసరికి తెల్లారింది. కటాక్షపూర్ చెరువు మత్తడి దూకినప్పుడు అక్కడ రోడ్డు మీద నీళ్లు పారతాయి. ఆ రోజు రోడ్డు పొడిగా ఉంది, చెరువు మీద మాత్రం మంచు. ఆ తర్వాత పొడుగునా వడ్లే. చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రి కప్పిన పరదాలు అప్పుడే తీస్తున్నారు. వడ్లు వచ్చినప్పుడల్లా లారీల దారిలోకి, లారీ హారన్ కొట్టగానే మళ్లీ పక్కకు, అలా పోతుంటే వెనక చక్రం బరువెక్కింది.

స్పేర్ ట్యూబు ఉంది, పది నిమిషాల్లో మార్చేశాను. మార్చేముందు టైరు లోపలంతా వేలితో తడమాలి. తడమలేదు. మూడు కిలోమీటర్లు పోయానో లేదో మళ్లీ అదే చక్రం. ఈసారి బుద్ధిగా తడిమితే దొరికింది. వెంట్రుకంత సన్నం, చింతాకంత పొడవు ఉన్న తీగముక్క. పీకేసి, ట్యూబుకు ప్యాచ్ వేసి, చేతిపంపు బిగించి గాలి కొట్టాను. నూట యాభై సార్లు కొట్టి ఉంటాను. నా పంపు గొట్టం పిన్ను మీద స్క్రూలా తిప్పి బిగించే రకం. విప్పుతుంటే గొట్టంతోపాటు పిన్ను లోపలి ముక్క కూడా ఊడి వచ్చింది. కొట్టిన గాలంతా ఒక్క క్షణంలో పోయింది. మళ్లీ బిగించి, మళ్లీ కొట్టి, మళ్లీ విప్పితే మళ్లీ అంతే. మూడోసారి ఒళ్లు మండి గొట్టాన్ని గట్టిగా లాగాను. అందులోని రబ్బరు వాషర్ ఎగిరి పక్క గడ్డిలో పడింది. వెతికాను కానీ దొరకలేదు. బైకు గాలి పట్టేందుకు తొడిగే ఇత్తడి అడాప్టర్ ఒకటి ఉంటుంది, యాభై రూపాయల వస్తువు. అది ఇంట్లో టీవీ కింద సొరుగులో ఉంది.

మల్లంపల్లి దాకా నడిపించుకుంటూ వెళ్లాను. రోడ్డు పక్క వేపచెట్టు, కొమ్మకు వేలాడదీసిన పాత టైరు, దాని మీద సున్నంతో 'పంచర్' అని రాసి ఉంది. కంప్రెషర్ దగ్గర ఒక పెద్దాయన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఇదేంది సారూ, పిన్ను గింత సన్నగున్నది?"

"ఫారిన్ మోడల్ కాకా."

"ఫారిన్‌ల గాలి గూడ సన్నగుంటదా?"

నాజిల్ పెట్టి చూశాడు. గాలి నలుదిక్కులా పోయింది తప్ప లోపలికి చుక్క పోలేదు. పాత ట్యూబు ముక్క కోసి చుట్టూ చుట్టి పట్టాడు, అదీ కుదరలేదు. కాసేపు పిన్నునే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ముందు చక్రం పిన్నుకున్న నల్ల ప్లాస్టిక్ టోపీ తీసి అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. వెనక చక్రం టోపీ నేను ఎప్పుడో పారేశాను. ఆయన బ్లేడుతో ఆ టోపీ కొస కోశాడు, తలకిందులు చేసి పిన్ను మరకు ఎక్కించాడు. నట్టు ముందే వదులు చేసి ఉంచాడు, నేను చెప్పకుండానే. ఇప్పుడు నాజిల్ అదిమితే ఆ ప్లాస్టిక్ అంచు మీద సరిగ్గా కూర్చుంది. టైరు లేచింది. బొటనవేలితో నొక్కి చూసి ఇంకాస్త పట్టాడు. ఇంటికొచ్చాక గాలి ఒత్తిడి కొలిస్తే 40 పీఎస్‌ఐ పైనే ఉంది. ఈ కిటుకు సైకిల్ తొక్కేవాళ్లలో పాతదేనని తర్వాత తెలిసింది. ఆయనకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

"పంచర్ నువ్వే ఏసుకున్నవ్ గద, గాలికి పది రూపాయలియ్యి" అన్నాడు. ఇచ్చాక అసలు ప్రశ్న అడిగాడు. "ఎంతయితది సారూ గీ సైకిలు?"

కొన్నది 31,500కు. "పదిహేను వేలు కాకా" అన్నాను.

"పదిహేను వేలు దీస్కొని గాలి వట్టే పిన్ను సక్కగ ఇయ్యకపాయిరి?"

ఆ రోజు రామప్ప లేదు, అక్కణ్నుంచే వెనక్కి తిరిగాను.

ఆ వారమే హన్మకొండలో ఒక పాత మెకానిక్‌తో వెనక రిమ్ము రంధ్రం పెద్దది చేయించాను. డ్రిల్లుతో ఎనిమిదిన్నరకు పెంచి, అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాడు. గరుకు మిగిలితే పిన్ను మొదట్లో ట్యూబు కోసుకుపోతుంది. నా రిమ్ము కాస్త వెడల్పుది కాబట్టి ధైర్యం చేశాను. రేసు సైకిళ్ల సన్న రిమ్ముకైతే ఈ పని చేయించొద్దు. వారంటీ అప్పటికే అయిపోయింది, అది వేరే సంగతి. ఇప్పుడు వెనక చక్రానికి ఏ బంకులోనైనా, ఏ పంచర్ కొట్లోనైనా గాలి పడుతుంది. ముందు చక్రం అలాగే వదిలేశాను. బరువంతా వెనకే కాబట్టి పంచర్లూ దానికే ఎక్కువ.

మొదట్లో దీన్ని కూడా తెగ పొగిడాను. కొంచెం తగ్గించి చెప్పాలి. నా చక్రానికి పట్టే 700 సైజులో బైకు పిన్ను ఉన్న ట్యూబు మా వీధి కొట్లో దొరకదు, అదీ ఆర్డర్ పెట్టుకోవాల్సిందే. బంకులో అబ్బాయి బైకు లెక్కన 30 దగ్గర ఆపేస్తాడు, నాకు 65 కావాలి. ఇంకా పెట్టమంటే పేలుతుందని భయపడతాడు. సన్న ట్యూబు రెండు సెకన్లలో నిండిపోతుంది కాబట్టి ఆ భయం మరీ తప్పూ కాదు.

ఇక ఖర్చు. సైకిల్ తొక్కితే పెట్రోలు మిగులుతుందని ఇంట్లో చెప్పి కొన్నాను, లెక్క చూసుకోవాలి కదా. హెల్మెట్, లైట్లు, ప్యాడ్ నిక్కర్లు, పంపులు, పానాలు కలిపి తొలి రెండు నెలల్లోనే 9,000 అయింది. ఆ తర్వాత చైన్లు, క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి), ఒక జత టైర్లు, పదకొండు ట్యూబులు, కేబుళ్లు, చక్రాల వంకర (ఔట్) తీయించడాలు అన్నీ కలిపి ఇప్పటిదాకా 17,400. ఇందులో కొంత నా పిసినారితనం ఖర్చు. చైను మూడు వేల కిలోమీటర్ల దగ్గర మార్చాల్సింది, బాగానే తిరుగుతోంది కదా అని అయిదు వేల దాకా లాగాను. సాగిన చైను వెనక పళ్లన్నీ అరగదీసింది. చైనుతో పోయేది కాస్తా క్యాసెట్ కూడా మార్చాల్సి వచ్చింది. మొత్తం 57,900, తొక్కింది 13,400 కిలోమీటర్లు. కిలోమీటరుకు నాలుగు రూపాయల ముప్పై పైసల పైన పడింది. నా బైకు లీటరుకు యాభై ఇస్తుంది. పెట్రోలు ఒక్కటే లెక్కేస్తే దానికి రెండు రూపాయల చిల్లర. దారిలో తిన్న ఇడ్లీ, బోండాలు కలపలేదు, కలిపితే కారు లెక్క తేలుతుందేమో.

అయినా కొంటారా అంటే, నేనైతే మళ్లీ ఇదే కొంటాను. కానీ నా సంగతి వేరు. నెలనెలా జీతం వస్తుంది, ఆదివారం నాది, నలభై నాలుగేళ్లకు బరువు పది కిలోలు తగ్గాను. ఇంట్లో టెన్షన్ పడకుండా ఫోన్‌లో లొకేషన్ పెట్టి వెళతాను, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. ఈ మధ్య మా ఆఫీసులో ఒకాయన కొడుకు హసన్‌పర్తి నుంచి కాలేజీకి రావడానికి ఇదే మోడల్ కావాలన్నాడు. వద్దన్నాను. లావు టైర్లు, బైకు పిన్ను ఉన్నది తీసుకో, సగం ధరలో వస్తుంది, మీ సందు చివరే గాలి పడుతుంది అన్నాను. కొట్టుకు వెళ్లినప్పుడు గేర్లు లెక్కపెట్టేముందు పిన్ను చూడమన్నాను. సన్న పిన్నుదే నచ్చితే ఆ నల్ల టోపీలు పారేయొద్దని, అడాప్టర్ ఒకటి పిన్నుకే బిగించి ఉంచుకోమని చెప్పాను. వాడు ధర అడిగితే నిజం చెప్పాను. వాళ్ల నాన్న అడిగితే మాత్రం పదిహేను వేలే అన్నాను.