ఆయిల్ బ్రేకుల ట్రాక్టర్‌లో నాలుగేళ్లుగా యూటీటీఓ: ఒక్క దాళ్వాకి మార్చి పడ్డ పాట్లు

మా ట్రాక్టర్ ఇప్పుడు 2,600 గంటలు దాటింది. కొన్నప్పటి నుంచీ వెనక గేర్లూ, లిఫ్టూ, బ్రేకులూ ఉండే భాగంలో యూటీటీఓ (వాటన్నిటికీ కలిపి పనిచేసేలా చేసిన ట్రాక్టర్ ఆయిల్) పోస్తున్నాను, మధ్యలో ఒక్క దాళ్వా (రెండో పంట) తప్ప. ఆ దాళ్వా వల్లే ఇది రాస్తున్నాను.

నిరుడు కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు వెనక యాక్సిల్ సీలు పోయింది. సీలు వేయాలంటే ఆయిల్ దించాలి, దించిన ఆయిల్ నల్లగా ఉంది, కొత్తది పోద్దామంటే దుకాణంలో యూటీటీఓ బకెట్లు లేవు, ఈపీ 90 ఉంది. "బాబాయ్, ఇదీ గేర్ ఆయిలే, పైగా చిక్కన, గేర్లకి ఇంకా మేలు" అన్నాడు మెకానిక్. అవతల ధాన్యం కళ్లంలో ఉంది, వాన పడుతుందేమోనని టెన్షన్. సరే పొయ్యమన్నాను. ట్రాక్టర్‌తో ఇచ్చిన పుస్తకం ఇంట్లోనే ఉంది, తెరిచి చూస్తే ఒక్క నిమిషం పని, చూడలేదు.

మూడో రోజు ధాన్యం ట్రాలీతో కాలవగట్టు దిగుతూ బ్రేకు తొక్కితే కీచుమని ఒక అరుపు. పెడల్ పాదం కింద గడగడా వణికింది. బండి ఆగింది గానీ, ఎప్పుడూ ఆగే చోట కాదు, నాలుగు అడుగులు ముందుకెళ్లి ఆగింది. ఆ రోజు నుంచి రోజూ అదే. లిఫ్టు కూడా పొద్దున్నే బరువుగా లేచేది.

కారణం తర్వాత తెలిసింది. ఈ బండ్లలో గేర్లకీ, లిఫ్టుకీ, బ్రేకులకీ ఒకటే ఆయిల్. బ్రేకు ప్లేట్లు ఆ ఆయిల్లోనే మునిగి ఉండి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ పట్టు మెత్తగా ఉండటానికి కావలసిన మందులు యూటీటీఓలో కలుపుతారు. ఈపీ 90లో ఉండేవి గేరు పళ్లు అరగకుండా కాపాడే గంధకం, ఫాస్ఫరస్ మందులు. వాటితో ప్లేట్లు పట్టి, జారి, మళ్లీ పడతాయి, ఆ చప్పుడు అదే. చిక్కదనం మాటకొస్తే, 90 అంటే ఇంజన్ ఆయిల్ 40కి రెండింతల చిక్కన అనుకునేవాళ్లు చాలామంది, నేనూ అలాగే అనుకున్నాను. ఆ రెండు అంకెలూ వేర్వేరు లెక్కలు, వేడి మీద 90 గేర్ ఆయిల్ ఇంజన్ ఆయిల్ 40, 50ల దరిదాపుల్లోనే ఉంటుంది. యూటీటీఓ మాత్రం దానికన్నా బాగా పల్చన.

కోతలయ్యాక మొత్తం దించి మళ్లీ యూటీటీఓ పోశాను. చప్పుడు చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. యాక్సిల్ గొట్టాల్లో పాత ఆయిల్ కొంత ఉండిపోతుందట. 50 గంటలు నడిపి రెండోసారి మార్చాక గానీ పెడల్ వణుకు ఆగలేదు. రెండుసార్లూ ఖర్చు నాదే.

అయితే ఇదివరకు అడిగినవాళ్లందరికీ "ఏ బండికైనా యూటీటీఓ పొయ్యండి" అని చెప్పాను, ఆ మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. మా బావగారి పాత బండివి డ్రై బ్రేకులు, అంటే ఆయిల్లో మునగనివి, దాని పుస్తకంలో 90 అనే ఉంది. నా మాట విని యూటీటీఓ పోస్తే పాత సీళ్ల దగ్గర కారింది, గేరు చప్పుడు పెరిగింది, ఆయన మళ్లీ 90కే వెళ్లారు. రెండోది, దమ్ము, అంటే నీళ్లు పెట్టిన మడిలో దున్నడం. సీలు కొంచెం అరిగినా బురదనీళ్లు లోపలికి పోతాయి. పోయిన సార్వాలో డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలెక్కువైన టీ రంగులో ఉంది. ఎంత మంచి ఆయిలైనా అప్పుడు మార్చాల్సిందే, గంటలు నిండాయా లేదా అని చూడకూడదు. పుస్తకంలో 1,000 గంటలని ఉన్నా, దమ్ము చేసే బండి కాబట్టి నేను 700 దగ్గరే మారుస్తున్నాను.

మాది నల్లరేగడి, ఏడాదిలో సగం దమ్ము, సగం ట్రాలీ తోలకం, ఆయిల్ బ్రేకులు. ఇలాంటి బండికైతే ధర ఎక్కువైనా యూటీటీఓనే అంటాను. మెట్టలో దుక్కులకే వాడేవాళ్లకి గంటల లెక్క వేరుగా ఉండొచ్చు. నేనైతే ఇప్పుడు షెడ్డులో ఒక 20 లీటర్ల బకెట్ సీలు తీయకుండా ఉంచుతున్నాను, కోతలప్పుడు దుకాణంలో దొరకదని తెలిసింది కాబట్టి.