టాక్సీప్రాక్సీ: డేటాబేస్ పలకనప్పుడు మన కోడ్ ఏం చేస్తుందో చూపించే టూల్

బెంగళూరులో బ్యాకెండ్ పని చేసే మనవాళ్లందరికీ ఒకటే చెప్తాను, రీడ్ టైమౌట్ (జవాబు కోసం ఎంతసేపు చూసి వదిలేయాలన్న గడువు) పెట్టేశాం అనుకునే ముందు దాన్ని ఒకసారి టాక్సీప్రాక్సీతో పరీక్షించండి. షాపిఫై అనే ఈ-కామర్స్ కంపెనీ వాళ్లు గో భాషలో రాసి ఓపెన్ సోర్స్‌గా ఇచ్చారు, పైసా ఖర్చు లేదు. మన అప్లికేషన్‌కీ డేటాబేస్‌కీ మధ్యలో కూర్చుని వాటి మధ్య నడిచే నెట్‌వర్క్ (టీసీపీ) ట్రాఫిక్‌ని మనం చెప్పినట్టు పాడుచేస్తుంది, టెస్టు నడుస్తుండగానే 8474 పోర్టులోని ఏపీఐతో మార్చుకోవచ్చు.

మా బెల్లందూరు ఆఫీసులో ఒక తమ్ముడు "అన్నా, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ని ఆపేసి చూస్తే సరిపోదా?" అని అడిగాడు. సరిపోదు. ప్రాసెస్ ఆగితే ఆపరేటింగ్ సిస్టమ్ కనెక్షన్ మూసేస్తుంది, ఎర్రర్ వెంటనే వస్తుంది. ఫోన్ పెట్టేయడం వేరు, లైన్‌లో ఉండి పలక్కపోవడం వేరు, రీడ్ టైమౌట్ ఉన్నది ఆ రెండో దానికోసమే.

ఇందులో ట్రాఫిక్‌ని పాడుచేసే ఒక్కో పద్ధతిని టాక్సిక్ అంటారు. 'టైమౌట్' అనే టాక్సిక్‌కి 0 ఇస్తే కనెక్షన్ తెరిచే ఉంటుంది, డేటా మాత్రం రాదు. కనెక్షన్ కుదిరాకే దాన్ని పెట్టాలి, లేకపోతే కనెక్షన్ మొదట్లో జరిగే పలకరింపు (హ్యాండ్‌షేక్) దగ్గరే ఆగిపోతుంది. జావాలో మైఎస్‌క్యూఎల్ డ్రైవర్‌కి సాకెట్ టైమౌట్ (రీడ్ టైమౌట్‌కి అక్కడ పేరు ఇదే) డిఫాల్ట్‌గా 0, అంటే లేనట్టే, జవాబు కోసం చూస్తున్న థ్రెడ్ అలా వేలాడుతూనే ఉంటుంది. డేటాబేస్ కనెక్షన్లని తెరిచి సిద్ధంగా ఉంచే హికారీ పూల్‌లో డిఫాల్ట్‌గా ఉండే 10 కనెక్షన్లూ అలా ఇరుక్కుంటే తర్వాత వచ్చినవాళ్లకి 30 సెకన్లకి పూల్ ఎర్రర్ వస్తుంది, అందరూ పూల్ సైజు పెంచుదామంటారు, అసలు జబ్బు అక్కడ లేదు. ఇంకోటి, సాకెట్ టైమౌట్ విలువ మైఎస్‌క్యూఎల్ డ్రైవర్‌లో మిల్లీసెకన్లు, పోస్ట్‌గ్రెస్ డ్రైవర్‌లో సెకన్లు. 5000 అని యథాతథంగా కాపీ చేస్తే 83 నిమిషాలు! కోడ్ రివ్యూలో ఇది కంటికి ఆనదు, ఈ టెస్టులో తప్పించుకోలేదు.

నాకు బాగా నచ్చింది డేటా ఏ దిక్కున ఆగాలో మనమే చెప్పగలగడం. డౌన్‌స్ట్రీమ్ (డేటాబేస్ నుంచి మనవైపు వచ్చే దారి) ఆపితే ఇన్సర్ట్ డేటాబేస్‌కి చేరి, ఆటోకమిట్ ఉంటే కమిట్ అయిపోతుంది, జవాబు ఒక్కటే మనకి రాదు. మన కోడ్ టైమౌట్ అయి మళ్లీ ప్రయత్నిస్తే, అదే రికార్డు రెండోసారి పడిందా లేదా అన్నది టేబుల్లో లెక్కపెట్టి చూడండి. పేమెంట్ల మీద పనిచేసేవాళ్లు ఈ ఒక్క టెస్టు కోసమైనా దీన్ని వాడాలి.

బ్యాండ్‌విడ్త్ టాక్సిక్‌కి 1 ఇస్తే డేటా సెకనుకి ఒక కేబీ చొప్పున కారుతుంది, పెద్ద రిజల్ట్‌కి ఎన్ని నిమిషాలు పట్టినా సాకెట్ టైమౌట్ పడదు, ఎందుకంటే అది ఒక్కో రీడ్‌కి లెక్క, మొత్తం క్వెరీకి కాదు. అది చూశాకే మా టీములో క్వెరీ టైమౌట్ కూడా విడిగా పెట్టాం.

లోటు ఏంటంటే కనెక్ట్ టైమౌట్‌ని (కనెక్షన్ కుదరడానికి ఇచ్చే గడువుని) దీనితో సరిగ్గా పరీక్షించలేం, ప్రాక్సీయే ముందు కనెక్షన్ తీసేసుకుంటుంది కాబట్టి. దానికి ఫైర్‌వాల్‌లో ప్యాకెట్లు డ్రాప్ చేయాల్సిందే. టెస్టుల కోసం డేటాబేస్ లాంటివాటిని కంటైనర్లలో లేపే టెస్ట్‌కంటైనర్స్ లైబ్రరీలో టాక్సీప్రాక్సీకి మాడ్యూల్ ఉంది, అది వాడేవాళ్లు అక్కడినుంచే మొదలుపెట్టండి.