కాబో పొలోనియోకా, పుంతా దెల్ దియాబ్లోకా?

ఉరుగ్వేలోని రోచా తీరానికి వీపు సంచితో బయలుదేరేవారు ఈ రెండు పల్లెల్లో ఏది ఎంచుకోవాలన్న ఆలోచనలో పడతారు. కాబో పొలోనియోకు తారు రోడ్డు లేదు. పదో నంబరు రహదారి పక్కన బస్సు దిగి, పెద్ద చక్రాల ట్రక్కెక్కి ఇసుక దిబ్బల మీదుగా సుమారు 7 కిలోమీటర్లు ఊగిపోతూ వెళ్లాలి. కరెంటు తీగలు చేరని ఆ ఊళ్లో చీకటి పడితే కొవ్వొత్తులు వెలుగుతాయి, 1881 నాటి దీపస్తంభం కాంతి సముద్రం మీద మెరుస్తుంది, దాని కింది బండల మీద చేరిన సీ లయన్ల అరుపులు గాలితో పాటు గుడిసెల దాకా వస్తాయి. పుంతా దెల్ దియాబ్లో కూడా జాలరుల పల్లెయే అయినా, అక్కడికి బస్సు నేరుగా వెళ్తుంది, కరెంటుంది, సర్ఫింగుకు అలలున్నాయి, సాంతా తెరెసా కోట దగ్గరే ఉంది. కానీ జనవరిలో జనం కిక్కిరిసిపోతారు. నిశ్శబ్దం కోరేవారికి నేను నిస్సందేహంగా కాబో పొలోనియోనే, అదీ రద్దీ తగ్గే మార్చిలో, సూచిస్తాను. నగదు, టార్చిలైటు తప్పక వెంట ఉండాలి.