ఎన్వీడీఏ బాగానే చదువుతోంది, బాగుపడాల్సింది లింకులు

నాకు చూపు లేదు. కంప్యూటర్ మీద నా పనంతా ఎన్వీడీఏతోనే. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టి, జేమ్స్ టేతో కలిసి పెంచిన స్క్రీన్ రీడర్ ఇది, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఇద్దరూ చూపు లేనివాళ్లే. ఇప్పటికీ ఉచితం. ఏళ్ల తరబడి రోజూ వాడుతున్నాను కాబట్టి, కొత్తవాళ్లు ఎలా ఉందని అడిగితే ముందు లింకుల గురించే చెబుతాను. వెబ్‌లో నేను ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లేది వాటి మీదే.

కె నొక్కితే తర్వాతి లింకు, వి నొక్కితే ఇదివరకు తెరిచిన లింకు, యు నొక్కితే ఇంకా తెరవనిది. ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే పేజీలో ఉన్న లింకులన్నీ ఒక జాబితాగా వస్తాయి. తెలుగు వికీపీడియాలో కృష్ణా నది పేజీ తెరిచి, ఆ జాబితా కింద ఉండే ఫిల్టర్ పెట్టెలో 'శ్రీశైలం' అని కొడితే ఆ మాట ఉన్న లింకులే మిగులుతాయి. కళ్లున్నవాళ్లు పేజీని ఒక్కసారి పైనుంచి కిందకి చూసినంత వేగంగా పని అయిపోతుంది. అక్కడ ప్రతి లింకుకూ దాని పేరే ఉంటుంది, అందుకే.

ఇదే జాబితాను ఒక ఉద్యోగ నోటిఫికేషన్ పేజీలో తెరిచాను. 'క్లిక్ హియర్, క్లిక్ హియర్, క్లిక్ హియర్' అని కిందిదాకా అదే వినిపించింది. హాల్ టికెట్ ఏది, సిలబస్ ఏది, ఫీజు కట్టేది ఏది? జాబితా మూసేసి, టి నొక్కి టేబుల్ పట్టుకుని, కంట్రోల్, ఆల్ట్, బాణం మీటలతో గడి గడికీ వెళ్లి వినాలి. చివరి తేదీ రోజున ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. బొమ్మలకు పెట్టిన లింకులు ఇంకో బాధ. బొమ్మకు పేరు రాయకపోతే ఫైలు పేరో, అడ్రస్ ముక్కో అంకెలతో సహా చదువుతుంది. ఎన్వీడీఏ చేయగలిగిన సాయం చేస్తుంది. ఇన్సర్ట్, కె నొక్కితే లింకు ఎక్కడికి వెళ్తుందో అడ్రస్ చెబుతుంది. దాన్నిబట్టి పీడీఎఫ్ అని ఊహించుకోవచ్చు. కానీ రాయని పేరును అది ఎక్కడినుంచి తెస్తుంది?

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది చెప్పకుండా కొత్త ట్యాబ్‌లో తెరుచుకునే లింకు. ఎంటర్ నొక్కుతాను. కొత్త పేజీ పేరు వినిపిస్తుంది, చదవడం మొదలవుతుంది. మామూలు పేజీ మారినా ఇంతే, కాబట్టి తేడా తెలియదు. చదవడం అయ్యాక వెనక్కి వెళ్లడానికి ఆల్ట్, ఎడమ బాణం నొక్కితే ఏమీ జరగదు. పేజీ ఆగిపోయిందా, నెట్ పోయిందా, లాగౌట్ అయ్యానా? కొంతసేపు తడుముకుని కంట్రోల్, డబ్ల్యూ నొక్కితేగానీ పాత పేజీ దొరకదు. ఒక బ్యాంకు సైటులో ఇలా వెతుక్కునేలోపు సెషన్ అయిపోయి, నింపిన ఫారమంతా పోయింది.

ఇది చూపు లేనివాళ్ల గొడవ ఒక్కటే అనుకోవద్దు. కొద్దిగా చూపున్న నా మిత్రుడు తెరను బాగా పెద్దది చేసుకుని చూస్తాడు. ఆయనకు కనబడేది పేజీలో ఒక మూల. పైన ట్యాబ్ మారిన సంగతి ఆయనకూ తెలియదు. చేతులు కదపలేక మాటతో కంప్యూటర్ నడిపేవాళ్లు 'క్లిక్ హియర్' అంటే, అదే పేరున్న అన్ని లింకుల మీదా అంకెలు వస్తాయి. మళ్లీ ఒక అంకె చెప్పాలి.

ఇవన్నీ కొత్త కోరికలు కావు. లింకు ఎక్కడికి వెళ్తుందో స్పష్టంగా ఉండాలనీ, చెప్పకుండా కొత్త విండో తెరవొద్దనీ 1999లో వచ్చిన మొదటి డబ్ల్యూసీఏజీలోనే ఉంది, అంటే వెబ్‌సైట్లు వికలాంగులకూ అందేలా ఎలా తయారు చేయాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనే. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. లింకుకు 'హాల్ టికెట్, పీడీఎఫ్, కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది' అని రాయడానికి పైసా ఖర్చు కాదు, నిమిషం పట్టదు. అయినా చేయరు. నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే.

ఎన్వీడీఏలో నాకు నచ్చనిది ఒకటే. దాంతోపాటు వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు గరుకుగా ఉంటుంది, అలవాటు పడటానికి చాలా రోజులు పడుతుంది. అయినా కొత్తవాళ్లకు నేను దీన్నే చెబుతాను. ముందు కె, తర్వాతి శీర్షికకు వెళ్లే హెచ్, ఇన్సర్ట్ ఎఫ్7 నేర్చుకోండి. వెనక్కి వెళ్లడం కుదరకపోతే కంగారుపడి ఫారం మళ్లీ మొదలుపెట్టకండి, ముందు కంట్రోల్, ట్యాబ్ నొక్కి పాత పేజీ పక్కనే ఉందేమో చూసుకోండి.