బెంగళూరు లాన్‌కి శివరాత్రి నుంచి ఉగాది లోపు ఏవి కొనాలి: నాలుగేళ్ళు వాడి చూశాక

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయిందంటే బెంగళూరులో గడ్డి మేలుకున్నట్టే. ఎరువు, కోత, నేల బాగుచేయడం అన్నీ ఆ నాలుగైదు వారాల్లో పడాలి. ఇక్కడ రాసేవన్నీ 600 చదరపు అడుగుల లాన్‌లో నాలుగేళ్ళు వాడినవి. నేల గట్టి ఎర్రమట్టి, గడ్డి ఎక్కువ భాగం బెర్ముడా (మన గరిక జాతే), ఒక పక్క కొంచెం మెక్సికన్. నా మాట మొదటే చెప్పేస్తాను: డబ్బు కోత యంత్రం బ్లేడు మీదా, నేలని గుచ్చే ఒక మంచి ఫోర్క్ మీదా పెట్టండి. ఎరువుకి అంత అక్కర్లేదు.

కోతకి చేత్తో తోసే సిలిండర్ మోవర్, 14 అంగుళాల వెడల్పు, అయిదు బ్లేడులది తీసుకోండి. తిరిగే బ్లేడు కింది స్థిర బ్లేడుకి ఒరుసుకుంటూ కత్తెరలా కోస్తుంది. కరెంటు మోవర్‌లో బ్లేడు గడ్డిని కొట్టి తెంచుతుంది. దాని మొన మొద్దుబారితే కొసలు చీలిపోయి, రెండు రోజులకి లాన్ మొత్తం తెల్లటి గోధుమరంగు తిరుగుతుంది. చాలామంది దాన్ని తెగులనుకుని మందు కొడతారు. కోసిన మర్నాడు ఒక పోచ తెంపి కొస చూడండి. అంచు నున్నగా ఉంటే బ్లేడు బాగున్నట్టు, పీచులు వేలాడుతుంటే సాన పెట్టాల్సినట్టు.

సిలిండర్ మోవర్‌తో తంటా అంతా సర్దుబాటులోనే. రెండు చివర్లా ఉన్న స్క్రూలను పావు చుట్టు చొప్పున బిగిస్తూ, రెండు బ్లేడుల మధ్య న్యూస్‌పేపర్ ముక్క పెట్టి సిలిండర్‌ని చేత్తో తిప్పండి, వేళ్ళు మాత్రం దూరంగా ఉంచాలి. ఎడమ చివర నుంచి కుడి చివర దాకా కాగితం ఒకేలా తెగాలి. ఒక పక్కే తెగుతుంటే రెండో పక్క స్క్రూ వదులుగా ఉన్నట్టు. మరీ బిగిస్తే తోయడానికి బరువెక్కుతుంది, బ్లేడూ త్వరగా అరుగుతుంది.

ఏడాదికోసారి సాన పడుతుంది. దానికి జేసీ రోడ్డులోని ఆటో విడిభాగాల కొట్లలో దొరికే వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ చాలు. ఒక చక్రం విప్పి, బ్లేడుల అంచులకి పేస్ట్ పూసి, సిలిండర్‌ని వెనక్కి పది నిమిషాలు తిప్పండి. అంచు పొడుగునా సన్నటి మెరుపు గీత కనబడితే అయిపోయినట్టే. కిరసనాయిలుతో పేస్ట్ పూర్తిగా కడిగి, నూనె రాసి, మళ్ళీ కాగితం పరీక్ష చేయండి. పేస్ట్ కొంచెం మిగిలినా బేరింగులు పాడవుతాయి.

ఈ మోవర్‌కి పరిమితులూ ఉన్నాయి. గడ్డి బాగా ఎదిగిపోతే కోయకుండా వంచేసి పోతుంది. గరిక పూతకాడలు లేచి నిలబడతాయి, వాటికి కత్తెర తప్పదు. ఎత్తు 35 మిల్లీమీటర్లు దాటి ఉంచాల్సిన బఫెలో గడ్డికి ఇది పనికిరాదు, కరెంటుదే కొనండి. కొంటే 1.5 చదరపు మిల్లీమీటర్ల ఎక్స్‌టెన్షన్ తీగ వాడి, చుట్ట మొత్తం విప్పి పరవండి. ప్లగ్గు 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే లైను ఆపేసే స్విచ్) ఉన్న లైనులోనే పెట్టాలి. బెర్ముడా అయితే 25 నుంచి 30 మిల్లీమీటర్లు సరిపోతుంది. ఏ గడ్డయినా ఒక్క కోతలో మూడో వంతుకి మించి తీయకండి.

ఫోర్క్‌కి ఎంత చెప్పినా తక్కువే. మన ఎర్రమట్టి ఎండితే ఇటుక, నీళ్ళు పైపైనే పారిపోతాయి. నాలుగు పళ్ళ ఫోర్క్‌లో పళ్ళు సాగగొట్టిన ఇనుముతో చేసినవై ఉండాలి. రేకు ముక్క వంచి చేసినవి మొదటి రాయికే పక్కకి తిరుగుతాయి. ముందురోజు సాయంత్రం నేల బాగా తడిపి, మర్నాడు పది సెంటీమీటర్ల లోతుకి దింపి, పిడిని కొంచెం వెనక్కి వంచి తీసేయండి. గుచ్చుకీ గుచ్చుకీ మధ్య జానెడు కంటే తక్కువే ఉండాలి. చెప్పులకి కట్టుకునే మేకుల పట్టీలు కొనకండి. మేకు సన్నం, పైన మనిషి బరువు, దాంతో రంధ్రం చుట్టూ మట్టి ఇంకా గట్టిపడుతుంది. మట్టి కడ్డీలు పెకలించి తీసే గొట్టం పనిముట్టు మంచిదే కానీ, తేమ సరిపోకపోతే పది గుచ్చులకోసారి గొట్టం బిగుసుకుపోతుంది.

రంధ్రాలు చేసిన రోజే పైన అయిదు మిల్లీమీటర్ల మందాన మిశ్రమం చల్లాలి. 600 చదరపు అడుగులకి సుమారు పది ఘనపుటడుగులు, అంటే సిమెంటు సంచుల లెక్కన ఎనిమిది: ఇసుక నాలుగు, జల్లించిన ఎర్రమట్టి రెండు, వర్మికంపోస్టు రెండు. ప్లాస్టరింగ్ ఇసుక తేవద్దు, అందులో ధూళి ఎక్కువ. సీసాలో పిడికెడు ఇసుక, నీళ్ళు వేసి గిలకొట్టి గంట ఆగండి. ఇసుక మీద మందంగా బురద పొర పేరుకుంటే ఆ లోడు రంధ్రాలను తెరవదు, మూసేస్తుంది. మాగని పేడ ఎరువు అసలొద్దు, కలుపు విత్తనాలూ వేరుపురుగూ దాంతోనే వస్తాయి.

యూరియా 100 చదరపు అడుగులకి 50 గ్రాములు, నెలకోసారి. మొత్తానికి 300 గ్రాములే. అయిదింతల పొడి ఇసుకలో కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా నడుస్తూ చల్లండి. ఆకులు పొడిగా ఉండాలి, చల్లిన వెంటనే నీళ్ళు పెట్టాలి. గడ్డకట్టిన యూరియా ఎక్కడ పడిందో అక్కడ రూపాయి బిళ్ళంత మచ్చ మాడిపోతుంది.

ఆకులు ఊడ్చే విసనకర్ర రేక్‌లో స్టీలుది తీసుకోండి, ప్లాస్టిక్ పళ్ళు ఒక్క ఎండాకాలానికే పుటుక్కుమంటాయి. తుంగకి సన్నటి పొడుగాటి ఖుర్పీ కావాలి. పైన పీకితే లోపలి గడ్డలు మిగిలి నాలుగింతలై లేస్తాయి. నేల తడిగా ఉన్నప్పుడు గడ్డతో సహా లేపాలి.

నీళ్ళే ఇక్కడ అసలు ఖర్చు. వారానికి 20 మిల్లీమీటర్లంటే ఈ లాన్‌కి 1,100 లీటర్లు, 6,000 లీటర్ల ట్యాంకర్‌లో దాదాపు అయిదో వంతు. 2024 మార్చిలో జలమండలి తాగునీటిని తోటలకి వాడకూడదని 5,000 రూపాయల జరిమానా పెట్టింది. కాబట్టి అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) నీళ్ళే దారి. అవి తేటగా, వాసన లేకుండా ఉంటేనే వాడండి. గాలిలోకి చిమ్మకుండా, పిల్లలు ఆడుకోవడం అయ్యాక, పైపుతో నేల మీదే పెట్టండి. ఆకు కొసలు మాడి, మట్టి మీద తెల్లటి పొర కనబడితే ఉప్పు పేరుకున్నట్టు. నిల్వ చేసిన వాన నీళ్ళతో ఒకసారి బాగా నానేలా తడపాలి.

పైపు ముప్పావు అంగుళం, లోపల దారపు అల్లిక ఉన్నది కొనండి, కనెక్టర్లు ఇత్తడివి. ఒంటి పొర ఆకుపచ్చ పైపు మలుపు దగ్గర మడతపడి, రెండో వేసవికి పగులుతుంది. బోరు నీళ్ళుండి, టకటకమంటూ తిరిగే స్ప్రింక్లర్ కొందామనుకుంటే ముందు మీ ట్యాంకు ఎత్తు చూసుకోండి. పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ ఒత్తిడి వస్తుంది. రెండంతస్తుల మీది ట్యాంకు నుంచి వచ్చేది ముప్పావు బార్ లోపే. ఆ స్ప్రింక్లర్ సరిగ్గా తిరగాలంటే దాదాపు రెండు బార్లు కావాలి. పంపు లేకుండా అది ఒకేచోట చిమ్ముతూ నిలబడిపోతుంది. ఏది వాడినా, నిటారు అంచుల డబ్బాలు నాలుగు లాన్‌లో అక్కడక్కడా పెట్టి, ఇరవై నిమిషాల తర్వాత స్కేలుతో కొలవండి. ఒకదాంట్లో పది మిల్లీమీటర్లు, ఇంకోదాంట్లో మూడు ఉంటే ఆ మూడు ఉన్న మూలే మేలో ముందుగా ఎండిపోయేది.