చాక్లెట్ పుడ్డింగుకు ఏ కోకో పొడి కొనాలి: నేచురలా, ఆల్కలైజ్డా?

పాలు, పంచదార, కార్న్‌ఫ్లోర్, ఉప్పు దాదాపు ప్రతి వంటింట్లో ఉంటాయి. గుడ్డు, ఓవెన్, క్రీమ్ అక్కర్లేకుండా వీటితో పావుగంటలో చాక్లెట్ పుడ్డింగు పొయ్యి మీదే అయిపోతుంది. అది హోటల్లో తిన్నట్టు ఉంటుందా, రంగు కలిపిన పిండిజావలా ఉంటుందా అనేది ఐదో వస్తువైన కోకో పొడిని బట్టి ఉంటుంది. అందుకే ఇక్కడ కోకో పొడిలో రెండు రకాలను ఈ ఒక్క వంటకం కోసం బేరీజు వేస్తున్నాం.

ముందు ఒక డబ్బాను పక్కన పెట్టేయాలి. డ్రింకింగ్ చాక్లెట్ పొడి కోకో పొడి కాదు. చాలావాటిలో పదార్థాల జాబితా పంచదారతోనే మొదలవుతుంది, కోకో ఆ తర్వాతే. దానితో పుడ్డింగు చేస్తే చాక్లెట్ రుచి వచ్చేలోపే తీపి వెగటుగా మారుతుంది. కావలసింది తీపి కలపని కోకో పొడి.

అందులో నేచురల్ రకం కాస్త పుల్లగా ఉంటుంది. పీహెచ్ (పులుపును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) ఐదున్నర దగ్గర, రంగు లేత గోధుమ. ఆల్కలైజ్డ్ రకాన్ని పొటాషియం కార్బొనేట్ వంటి క్షారంతో శుద్ధి చేస్తారు. పీహెచ్ ఏడు చుట్టుపక్కలకు చేరుతుంది, పులుపు పోయి రంగు ముదురుతుంది. కోకో నుంచి కొవ్వు పిండే ప్రెస్సుకు 1828లో పేటెంటు తీసుకున్న నెదర్లాండ్స్ వాన్ హౌటెన్ కుటుంబమే ఈ క్షారం పద్ధతినీ తెచ్చింది. అందుకే దీన్ని డచ్ కోకో అని కూడా అంటారు.

డబ్బా ముందువైపు బొమ్మలు చూసి ఏ రకమో చెప్పలేం. వెనక్కి తిప్పండి. జాబితాలో అసిడిటీ రెగ్యులేటర్ అని, పక్కన 501 (పొటాషియం కార్బొనేట్ సంఖ్య) అని ఉంటే అది ఆల్కలైజ్డ్. కోకో తప్ప ఇంకేమీ లేకపోతే చాలావరకు నేచురల్ అనుకోవచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇది ఇంకా తేలిక: అక్కడి డబ్బాల మీద 'ప్రాసెస్డ్ విత్ ఆల్కలీ' అని రాసే ఉంటుంది. అక్కడి హెర్షీస్ బ్రాండులో మామూలు డబ్బా నేచురల్, స్పెషల్ డార్క్‌లో ఆల్కలైజ్డ్ కోకో ఉంటుంది.

పోషకాల పట్టికలో కొవ్వు అంకెను కూడా చూడండి. 100 గ్రాములకు 10 నుంచి 12 గ్రాముల కొవ్వున్నవే ఎక్కువగా దొరుకుతాయి. 20 గ్రాములు దాటినవి ఖరీదు ఎక్కువే గానీ పుడ్డింగు నాలుక మీద నున్నగా కరుగుతుంది. తక్కువ కొవ్వు పొడితో చేసినప్పుడు చివర్లో ఒక చెంచా వెన్న వేస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

మా తీర్పు: పొయ్యి మీద చేసే పుడ్డింగుకు ఆల్కలైజ్డ్ కోకోయే మేలు. పాలతో రుచి మృదువుగా కలుస్తుంది, ముదురు రంగు వస్తుంది, తక్కువ పంచదారతో సరిపోతుంది. నేచురల్ కోకోతో చేస్తే వెనకాల చిన్న పులుపు తగులుతుంది. పండ్ల వాసన ఉండే ఘాటైన చాక్లెట్ ఇష్టపడేవాళ్లకు అదే నచ్చవచ్చు. వాళ్లు పంచదార అర టేబుల్ స్పూను పెంచి, పావు చెంచా ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేసుకుంటే చాలు. పులుపు విరగడానికి వంటసోడా మాత్రం వేయకండి, కొంచెం ఎక్కువైనా సబ్బు రుచి వస్తుంది.

కొలతలు నలుగురికి. అర లీటరు పాలు, గీసిన కొలతతో 5 టేబుల్ స్పూన్ల పంచదార (సుమారు 60 గ్రాములు), 3 టేబుల్ స్పూన్ల కోకో (20 గ్రాములు), 3 టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్ (24 గ్రాములు), చిటికెడు ఉప్పు, చెంచా వెన్న, అర చెంచా వెనిలా. ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం కొవ్వుంటుంది, టోన్డ్ పాలలో 3 శాతమే. మొదటివాటితో ఫలితం స్పష్టంగా బాగుంటుంది. కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లటి మెత్తని గంజిపొడి. పసుపుపచ్చగా ఉండే మొక్కజొన్న పిండి వేస్తే నోటికి రవ్వరవ్వగా తగులుతుంది. విదేశాల్లో కార్న్ స్టార్చ్ అని అడగాలి. అది లేకపోతే వెనిలా కస్టర్డ్ పొడి అంతే కొలతలో వాడొచ్చు, అందులోనూ ప్రధానంగా ఉండేది ఇదే గంజి.

ఎక్కువ మంది తప్పు చేసేది కలపడంలో. కోకోలో కొవ్వుంది కాబట్టి నేరుగా పాలలో వేస్తే తడవకుండా పైన తేలి ఉండలు కడుతుంది. వేడి పాలలో కార్న్‌ఫ్లోర్ వేసినా ఇదే గొడవ: పైపొర వెంటనే ఉడికి, లోపల పొడి పిండి చిక్కుకుపోతుంది. కాబట్టి స్టవ్ వెలిగించక ముందే మందపాటి గిన్నెలోకి కోకో, కార్న్‌ఫ్లోర్ జల్లించి, పంచదార, ఉప్పు వేసి పొడిగానే బాగా కలపండి. పంచదార పలుకులు పొడి రేణువుల మధ్య చేరి వాటిని విడదీస్తాయి. తర్వాత 100 మిల్లీలీటర్ల చల్లని పాలు పోసి దోసెల పిండిలా జారుగా చేసుకుని, మిగతా పాలు కొద్దికొద్దిగా కలపాలి.

ఇప్పుడు మధ్యస్థం మంట. గరిటె గిన్నె అడుగును, మూలలను గీస్తూ తిరగాలి, ఎందుకంటే గంజి ముందు అడుగునే చిక్కబడి మాడుతుంది. కొన్ని నిమిషాల్లో ఒక్కసారిగా చిక్కబడుతుంది. అక్కడే దించేస్తే పని చెడుతుంది. గంజి 70 డిగ్రీల లోపే ఉబ్బడం మొదలైనా, పూర్తి చిక్కదనం వచ్చేది 95 డిగ్రీల దగ్గర. బుడగలు మందంగా పైకి రావడం మొదలయ్యాక, సిమ్‌లో పెట్టి కలుపుతూ ఇంకో నిమిషం ఉడికించాలి. లేకపోతే పచ్చి పిండి వాసన ఉండిపోతుంది, ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడదు. అలాగని పది నిమిషాలు జోరుగా గిలక్కొడితే ఉబ్బిన గంజి రేణువులు పగిలి మళ్లీ పలచబడుతుంది. వేడిగా ఉన్నప్పుడు గరిటె వెనక పొరలా అంటుకుని, దాని మీద వేలితో గీస్తే చార నిలిచేంత చిక్కదనం చాలు. చల్లారాక మిగతాది అదే గట్టిపడుతుంది. పలచగా ఉందని కంగారుపడి ఇంకో చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపితే రబ్బరులా తయారవుతుంది. అచ్చులోంచి బోర్లించి తీయాలనుకుంటేనే కార్న్‌ఫ్లోర్‌ను మొదటినుంచే 5 టేబుల్ స్పూన్లు చేయండి.

దించాక వెన్న, వెనిలా కలిపి వెంటనే కప్పుల్లో పోయండి. మీగడ కట్టకూడదంటే వెన్న కాగితాన్ని పైభాగానికి తాకేలా పరచాలి. ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు చాలు. గట్టిపడ్డాక మళ్లీ కలపకండి, ఒకసారి తెగిన గట్టిదనం తిరిగి రాదు. రెండు రోజుల తర్వాత అంచుల్లో నీరు ఊరుతుంది. డీప్ ఫ్రీజర్‌లో పెడితే స్పాంజిలా విరిగిపోతుంది.

బెల్లంతో చేయాలనుకునేవారు దాన్ని మెత్తగా పొడిచేసి, దించి కాస్త వేడి తగ్గాకే కలపాలి. పాలు మరుగుతుండగా వేస్తే విరిగే ప్రమాదం ఉంది. ఈ రుచికి ఆల్కలైజ్డ్ కోకోయే జోడీ, నేచురల్ పులుపు బెల్లంతో పడదు.

కేకులు కూడా చేసే ఇల్లయితే లెక్క మారుతుంది. వంటసోడాతో పొంగే కేకులో పెరుగు, మజ్జిగ లాంటి పులుపు వేరే లేకపోతే, సోడాకు కావలసిన పులుపును నేచురల్ కోకోయే ఇస్తుంది. అక్కడ ఆల్కలైజ్డ్ వాడితే కేకు సరిగా పొంగదు. ఒక్క డబ్బాయే కొనగలిగితే, కేకులు ఎక్కువ చేసేవారు నేచురల్ తీసుకుని పుడ్డింగులో పంచదార పెంచుకోవడం నయం.

ఈ కొలతకు 100 గ్రాముల డబ్బా ఐదుసార్లు వస్తుంది, మొదటిసారి కొనేవారికి అది చాలు. తెరిచాక గాలి చొరని సీసాలోకి మార్చి, ఇంగువ, మసాలాలకు దూరంగా పెట్టండి. కోకోలోని కొవ్వు వాటి వాసన పట్టేస్తుంది. ఫ్రిజ్ వద్దు: బయటికి తీసినప్పుడల్లా చెమ్మ చేరి గడ్డకడుతుంది.